పోత ఇనుము పెనం మీద రాయిలా కట్టిన పెచ్చు: కాస్టిక్ సోడా నీళ్లు ఎంత బలంగా కలపాలి, ఎన్నాళ్లు ఉంచాలి?

పొందూరు వంటిల్లు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పోత ఇనుము సామాన్లు రెండున్నాయి. ఒకటి పన్నెండు అంగుళాల అట్ల పెనం, పిడి కూడా పోతలోనే వచ్చింది. రెండోది రెండు చెవుల బూరెల మూకుడు. పెనం అంచు చుట్టూ, అడుగున నల్లటి పెచ్చు రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పట్టేసింది. అట్టు మధ్యలో బాగానే లేస్తోంది గాని అంచు దగ్గర నల్ల పొడి అంటుకుని వస్తోంది. మూకుడు బయటంతా కట్టెల పొయ్యి మసి, కారిన నూనె కలిసి గట్టిపడిపోయాయి. ఇసుక, కొబ్బరి పీచు, చింతపండు, బట్టల సోడా వేసి ఉడకబెట్టడం, అన్నీ అయ్యాయి. పైపై జిడ్డు పోయింది, పెచ్చు కదల్లేదు.

కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడితే ఊడుతుందని విని శ్రీకాకుళంలో హార్డ్‌వేర్ షాపు నుంచి కిలో ఫ్లేక్స్ తెచ్చాను. పాలిథిన్ కవర్లో కట్టి ఇచ్చారు. ఖాళీ పెయింటు బకెట్టు ఉంది, 20 లీటర్లది, మూతతో సహా. నీళ్లు బోరువి, ఉప్పగా ఉంటాయి. ఇంట్లో చిన్న పిల్లలున్నారు.

ఎన్ని లీటర్లకు ఎన్ని గ్రాములు వెయ్యాలి? ఎన్నాళ్లు ఉంచాలి? పని అయ్యాక ఆ నీళ్లు ఎక్కడ పొయ్యాలి? పెరట్లో నుయ్యి ఉంది, అందుకే అడుగుతున్నాను.

---

గంటస్తంభం

ముందు ఆ పాలిథిన్ కవరు సంగతి చూడండి, మిగతాది తర్వాత. కాస్టిక్ సోడా గాల్లో తేమను లాక్కుంటుంది. మన వైపు సముద్రపు గాలికి కవరుకు చిన్న చిల్లు ఉన్నా ఒకటి రెండు రోజుల్లో ఫ్లేక్స్ చెమర్చి ముద్దవుతాయి, అడుగున చిక్కటి ద్రవం ఊరుతుంది. అది ఎక్కడికి కారితే అక్కడ తినేస్తుంది. మర మూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలోకి ఈ రోజే మార్చండి. గాజు సీసా వద్దు, మూత బిగుసుకుపోతుంది. సత్తు (అల్యూమినియం) డబ్బా అసలే వద్దు. పప్పుల డబ్బా, మంచినీళ్ల సీసా, కూల్‌డ్రింకు సీసా లాంటివి వాడకండి. పైన ఎర్ర పెయింటుతో "కాస్టిక్, ముట్టుకోవద్దు" అని రాసి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. చూడ్డానికి పటిక బెల్లం ముక్కల్లాగే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అసలు భయం అదే.

బట్టల సోడాకు ఎందుకు లొంగలేదంటే, మీ పెనం మీదున్నది ఇప్పుడు జిడ్డు కాదు. నూనె ఏళ్ల తరబడి కాలి కాలి ఒకదానితో ఒకటి అల్లుకుని ప్లాస్టిక్ లాంటి పొరగా మారింది. ఆ అల్లిక తెగాలంటే గట్టి క్షారం కావాలి. బట్టల సోడా దానికి చాలదు, కాస్టిక్ చాలుతుంది. సబ్బు తయారీలో నూనెను కాస్టిక్ ఎలా విరగ్గొడుతుందో ఇక్కడా అంతే. ఇనుముకు మాత్రం ఈ పలచటి నీళ్ల వల్ల ఏమీ కాదు. వారం ఎక్కువ మరిచిపోయినా పెనం అరగదు. చింతపండు, వెనిగర్ లాంటి పులుపులు అలా కాదు, అవి తుప్పు అయ్యాక ఇనుమునే తినడం మొదలుపెడతాయి.

కొలత. లీటరు నీళ్లకు 25 గ్రాములు. మీ బకెట్లో 16 లీటర్లు పొయ్యండి, 400 గ్రాములు వెయ్యండి. పెనం దింపితే నీళ్లు కొంచెం పైకొస్తాయి, అందుకని పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. గ్లాసుతోనో గుప్పెడతోనో కొలవద్దు. ఫ్లేక్స్ ఒక రకంగా కూరుకుంటాయి, గుళికలు ఇంకో రకంగా కూరుకుంటాయి. ప్లాస్టిక్ మగ్గులో వేసి కాటాలో తూచండి. లీటరుకు వంద గ్రాములు వెయ్యమనేవాళ్లు కనిపిస్తారు. నేను ఒప్పుకోను. దానివల్ల ఒక రోజో రెండు రోజులో కలిసొస్తుందేమో గాని, ఒక చుక్క కంట్లో పడితే జరిగే నష్టం చాలా ఎక్కువ. ఈ పనికి బలం కన్నా టైము ఇవ్వండి.

ఒంటి మీద. మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు వేసుకుని, చివర మడత పెట్టండి, అప్పుడు కారిన చుక్క లోపలికి పోదు. పల్చటి ఆసుపత్రి గ్లౌజులు పనికిరావు. కళ్లకు చుట్టూ మూసుకునే గాగుల్స్ కావాలి, మామూలు కళ్లజోడు అడ్డం కాదు. పూర్తి చేతుల పాత చొక్కా, కాళ్లకు బూట్లు వేసుకోండి. చెప్పులు వద్దు. చీర కొంగు, చున్నీ వేలాడకుండా చూసుకోండి. పక్కన గోలెం నిండా మంచినీళ్లు, మగ్గు ముందే పెట్టుకోండి. కుళాయి ఉంది కదా అనుకోవద్దు, కరెంటు పోతే బోరు రాదు.

కలపడం. ఆరుబయట, నీడలో, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. బకెట్టు ఎక్కడ ఉంచుతారో అక్కడే కలపండి, నిండాక జరపొద్దు. ముందు చల్లని నీళ్లు, వాటిలోకి సోడా. సోడా మీద నీళ్లు పోస్తే ఆ కాసిని నీళ్లు అక్కడికక్కడే మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. ఈ మొత్తం పద్ధతిలో తప్పకూడని మాట ఇదొక్కటే.

400 గ్రాములూ ఒక్కసారి కుమ్మరించకండి. మగ్గుతో నీళ్లకు దగ్గరగా వంచి, గుప్పెడంత చొప్పున చల్లండి, ప్రతిసారీ పీవీసీ పైపు ముక్కతో నిమిషం పాటు మెల్లగా తిప్పండి. మొత్తం 16 లీటర్లు బాగా కలిస్తే వేడి ఆరేడు డిగ్రీలే పెరుగుతుంది, చెయ్యి పెట్టినా తెలియనంత (చెయ్యి పెట్టకండి, మాట వరసకు). అదే ఒక్కసారి వేసేస్తే అడుగుకు దిగి రాయిలా అతుక్కుంటుంది. అక్కడి నీళ్లు మాత్రం కుతకుతలాడతాయి, పైపుతో పొడిస్తే ఎగజిమ్ముతాయి.

మీవి బోరు నీళ్లు కదా, సోడా పడగానే తెల్లగా విరిగినట్టవుతుంది. కంగారు పడకండి. నీళ్లలో ఉన్న సున్నపు, మెగ్నీషియం లవణాలు విడిపోయి అడుగుకు దిగుతాయి, బలం పెద్దగా తగ్గదు.

నానబెట్టడం. పెనం చల్లగా ఉండాలి. పొయ్యి మీంచి దించినది వెయ్యొద్దు, పోత ఇనుము చిట్లుతుంది. పైన పొడి పొడిగా ఉన్నది ముందే గీకి తీసెయ్యండి. పన్నెండు అంగుళాలది పెయింటు బకెట్లో పడుకోదు, నిలబడుతుంది. పిడి పైకి ఉంచి, తాడు కట్టి మెల్లగా దింపండి. జారవిడిస్తే రెండు నష్టాలు: నీళ్లు చిమ్ముతాయి, బకెట్టు అడుగు పగులుతుంది. మూత గట్టిగా పెట్టండి. మూత తీసి ఉంచితే గాల్లోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాస్టిక్ కాస్తా మెల్లగా బట్టల సోడాగా మారిపోతుంది, అంటే మీరు మొదలెట్టిన చోటికే వస్తారు. బకెట్టును పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఉంచి, ఎండ తగలనివ్వకండి. ఎండకు పాత పెయింటు బకెట్లు పెళుసెక్కుతాయి.

మన వాతావరణానికి మూడు రోజులకే మార్పు తెలుస్తుంది. మీరు చెప్పిన మందానికి వారం నుంచి పది రోజులు పట్టొచ్చు. నీళ్లు రెండో రోజుకే కాఫీ డికాక్షన్ రంగు తిరుగుతాయి. అది పనిచేస్తున్న గుర్తు, పాడైన గుర్తు కాదు.

---

వంశధార 7

పై జవాబు మొత్తం సరైనదే. దానికి తాడు సంగతి కలుపుతాను, మన ఇళ్లలో ఎక్కువ మంది తప్పు చేసేది అక్కడే. చేతికి దొరికిందని జీఐ తీగ కడతారు. దాని మీద ఉన్న జింకు పూత కాస్టిక్‌లో కరిగి బుడగలు లేస్తాయి. జీఐ బకెట్టు కూడా అందుకే పనికిరాదు. కొబ్బరి తాడు రోజుల తరబడి నానితే పీచు పీచు అవుతుంది. స్టీలు తీగ గాని, బస్తాలు కట్టే ప్లాస్టిక్ తాడు గాని వాడండి.

అల్యూమినియం, అంటే మనం సత్తు అనీ సిల్వరు అనీ పిలిచే గిన్నెలు, ఈ నీళ్ల దగ్గరికే తేవద్దు. కాస్టిక్ దాన్ని కరిగిస్తుంది, హైడ్రోజన్ వాయువు బుసబుసా వస్తుంది, నీళ్లు సలసలా వేడెక్కుతాయి. మూత బిగించిన బకెట్లో అది జరిగితే మూత ఎగిరిపోతుంది, దగ్గర్లో నిప్పుంటే అంటుకుంటుంది. సత్తు గరిటతో తిప్పడం కూడా ఇందులోకే వస్తుంది. నాన్‌స్టిక్ పెనాలు చాలావరకు లోపల అల్యూమినియమే. అనుమానం ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే వెయ్యొద్దు.

అయస్కాంతం అంటుకున్నా వెయ్యకూడనివి ఉన్నాయి. ఎనామిల్ పూత ఉన్నవి మెరుపు పోతాయి. చెక్క పిడి ఉంటే ఊడదీయాలి. ఇక బుడితి ఇత్తడి, కంచు సామాన్లున్న ఇళ్లు మన జిల్లాలో చాలా ఉన్నాయి. "పనిలో పని" అని అవి కూడా ఇందులో ముంచకండి. లోపల పోసిన కళాయి తగరమే కదా, కాస్టిక్‌కు అది నిలబడదు.

పాత ఇనుము కొట్లో కొన్న మూకుళ్లయితే ఇంకో జాగ్రత్త. తీరం వెంబడి వలలకు కట్టే సీసం గుళ్లు పోత పోయడానికి పాత మూకుళ్లు వాడతారు. సీసం కరిగించిన మూకుడు కాస్టిక్‌తో గాని దేనితో గాని వంటకు పనికొచ్చేలా శుభ్రం కాదు. పైగా సీసం కొంత ఆ నీళ్లలోకి దిగి, తర్వాత ముంచే పెనానికి పట్టుకుంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని మూకుణ్ణి మొక్కల తొట్టిగా వాడుకోండి, అందులో బూరెలు వెయ్యకండి.

---

నెల్లిమర్ల రోడ్డు

ఇంత తతంగం ఎందుకండీ, పిడకల మంటలో వేసి ఎర్రగా కాలిస్తే గంటలో పెచ్చంతా రాలిపోతుంది కదా? పల్లెల్లో అలాగే చేస్తారు.

---

గంటస్తంభం

రాలడం నిజమే. పెనం పాడవడమూ నిజమే. పోత ఇనుము ఎర్రబారేదాకా కాలితే మూడు రకాలుగా దెబ్బ తింటుంది. ఒకటి, వంగుతుంది. అట్ల పెనానికి నడుము వంగితే పిండి ఒక పక్కకే జారుతుంది, గ్యాసు పొయ్యి మీద గిరగిరా తిరుగుతుంది. దాన్ని సరిచేసే దారి లేదు, సుత్తితో కొడితే పగులుతుంది. రెండు, మంట ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే వెంట్రుక వాసి పగులు వస్తుంది. నీళ్లు చల్లి చల్లార్చారా, ఠప్పున రెండు ముక్కలు. మూడు, పైపొర ఎర్రటి ఇటుక రంగు తిరిగి గరుకుగా మారుతుంది. ఆ తర్వాత ఎంత నూనె కాల్చినా పట్టు ఉండదు, నెల తిరక్కుండా పొరలు లేస్తాయి. కాస్టిక్‌కు పది రోజులు పడుతుంది గాని పెనం అచ్చు నుంచి బయటికి వచ్చిన రూపంలోనే తిరిగి చేతికొస్తుంది. తాతల నాటి పెనమైతే నేను మంటకు ఇవ్వను.

డ్రైనేజీ పైపులు శుభ్రం చేసే పొడి పొట్లాలు కూడా వాడొద్దు. వాటిలో కాస్టిక్ ఉన్నా, కొన్నింట్లో అల్యూమినియం ముక్కలు కలిపి ఉంటాయి. పైన వంశధార గారు చెప్పిన రభసంతా బకెట్లో మొదలవుతుంది. డబ్బా మీద సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా అసలు పేరు) తప్ప ఇంకే పేరూ ఉండకూడదు.

---

అరసవల్లి మెడికల్

పిల్లలున్నారన్నారు కాబట్టి ఇది కూడా ఉండాలి. చర్మం మీద పడితే మొదట మంట ఉండదు, జారుడుగా ఉంటుంది. సబ్బు చేతికి అంటుకున్నట్టు. చర్మంలోని కొవ్వు సబ్బుగా మారడం వల్ల వచ్చే జారుడు అది. "మంట లేదు కదా" అని వదిలేస్తే లోపలికి దిగుతుంది. తడిసిన బట్ట వెంటనే తీసేసి, పారే నీళ్ల కింద ఇరవై నిమిషాలు కడగాలి, జారుడు పోయేదాకా. పొడి ఫ్లేకు పడితే ముందు పొడి గుడ్డతో దులపాలి, తర్వాత ధారగా నీళ్లు. నిమ్మకాయ, వెనిగర్ రుద్దొద్దు. అవి కలిసినప్పుడు పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది, వాటికోసం వెతికే టైములో కాస్టిక్ పని కాస్టిక్ చేసుకుపోతుంది.

కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని, ఆగకుండా ఇరవై నిమిషాలకు తగ్గకుండా నీళ్లు పొయ్యాలి. లెన్సులుంటే కడుగుతూనే తీసెయ్యాలి. పక్కన ఉన్నవాళ్లు అప్పుడే 108కి ఫోన్ చెయ్యాలి, దారిలో కూడా నీళ్లు పోస్తూనే ఉండాలి. కంటికి క్షారం యాసిడ్ కన్నా ఎక్కువ ప్రమాదం. యాసిడ్ పైన పొరను గడ్డ కట్టించి చాలాసార్లు అక్కడే ఆగుతుంది. క్షారం కణాలను కరిగించుకుంటూ లోపలికి పోతుంది.

పిల్లలు నోట్లో పెట్టుకుంటే వాంతి చేయించకూడదు. దిగేటప్పుడు కాలిన గొంతు, పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుతుంది. నోరు నీళ్లతో కడిగి, ఉమ్మించి, ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పైకి గాయం కనబడకపోయినా సరే.

---

పొందూరు వంటిల్లు

అందరికీ చాలా థాంక్స్. అన్నీ చెప్పినట్టే చేశాను, ఈ రోజుకి ఐదో రోజు. పైకి తీసి చూస్తే పెనం అడుగు పెచ్చు తడిసిన అట్టముక్కలా మెత్తబడి ప్లాస్టిక్ గరిట తగలగానే జారిపోయింది, కింద బూడిద రంగు ఇనుము కనబడింది. ఇంతకుముందు కనబడని పోత అంకె కూడా ఒకటి బయటపడింది. కానీ పిడి మొదట్లో, అంచు లోపలి మూలలో ఇంకా గట్టిగానే ఉంది. ఇంకో సంగతి, కడిగి అరుగు మీద పెట్టేసరికి పెనమంతా పసుపు రాసినట్టు నారింజ రంగు వచ్చేసింది. మధ్యలో ఎర్రటి మచ్చలు కూడా ఉన్నాయి, అవి కాస్టిక్‌కు పోలేదు. సోడా ఎక్కువైందా?

---

వంశధార 7

సోడా ఎక్కువ కాలేదండీ. కాస్టిక్ నూనెనే తీస్తుంది, తుప్పును ముట్టుకోదు. ఆ ఎర్ర మచ్చలు పెచ్చు కింద ఎప్పటి నుంచో ఉన్న తుప్పు, ఇప్పుడు కనబడుతోంది, అంతే. నారింజ పొర వేరే. నూనె పొర పూర్తిగా పోయిన ఇనుము తడిగా గాలి తగిలితే నిమిషాల్లో తుప్పు పడుతుంది, అందులోనూ మన తేమకు. అది దుమ్ము లాంటిది, గట్టి గుడ్డతో తుడిస్తే పోతుంది.

ముందు మిగిలిన పెచ్చు అయ్యేదాకా మళ్లీ ముంచండి, ఇంకో నాలుగైదు రోజులు. ఈసారి పెనాన్ని తలకిందులు చేసి, పిడి మొదలు అడుగుకు వెళ్లేలా కట్టండి. మూలల్లో మెత్తబడిన మడ్డి తియ్యకపోతే కొత్త నీళ్లు లోపలికి చేరవు, అందుకే రెండు రోజులకోసారి తీసి గరిటతో గీకి మళ్లీ వెయ్యడం మంచిది. గీకేటప్పుడు గ్లౌజులు, గాగుల్స్ మామూలే. ఊడే పెచ్చు స్ప్రింగులా చిమ్ముతుంది, అందుకని వేరే టబ్బులో మంచినీళ్ల లోపల ముంచి పట్టుకునే గీకండి. ఇనుప పీచు పరవాలేదు, ఇనుప ఉలి వద్దు, గాడి పడుతుంది.

మచ్చల సంగతి కాస్టిక్ పని పూర్తిగా అయ్యాక. పెనాన్ని సబ్బుతో రెండుసార్లు తోమి, వేలితో రుద్దితే జారుడు లేకుండా కిర్రుమనేదాకా కడగాలి. లిట్మస్ కాగితం ఉంటే ఎర్రది పెట్టి చూడండి, నీలం కాకూడదు. ఆ తర్వాతే వేరే టబ్బులో సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి ముంచండి. అరగంటకోసారి తీసి ఇనుప పీచుతో తోమి చూడండి. చాలావరకు గంటలోపే పోతుంది. రాత్రంతా వదిలేస్తే వెనిగర్ ఇనుమును తిని గుంతలు చేస్తుంది. తుప్పు కోసం బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు. అది ఇంకా వేగంగా తింటుంది, పొరపాటున కాస్టిక్ బకెట్టు దగ్గర ఒలికితే రెండూ కలిసి పొంగి చిమ్ముతాయి. వెనిగర్ టబ్బు, కాస్టిక్ బకెట్టు ఒకే చోట పెట్టకండి.

కడిగిన వెంటనే, గాలికి ఆరబెట్టకుండా, గుడ్డతో తుడిచి సన్న మంట మీద పెట్టండి. తడి పూర్తిగా ఇగిరి చెయ్యి పట్టలేనంత వేడి అయ్యాక నూనె. ఈ మధ్యలో ఫోనొచ్చిందని వదిలేస్తే మళ్లీ నారింజ రంగే.

---

బొబ్బిలి కిచెన్

ఓవెన్ లేనివాళ్లకు గ్యాసు మీద నూనె పట్టించే పద్ధతి. పెనం మధ్యస్థం మంట మీద పది నిమిషాలు. అర చెంచా పొద్దుతిరుగుడు నూనె గాని వేరుశనగ నూనె గాని వేసి, లోపల, బయట, పిడికి కూడా పాత నూలు గుడ్డతో రాసి, ఇంకో పొడి గుడ్డతో మొత్తం తుడిచెయ్యండి. మెరుపు కనబడకూడదు, మసకగా ఉండాలి. పొగ మొదలై, పొగ ఆగేదాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ. నాలుగైదు సార్లు. పెనం పెద్దది, మంట మధ్యలోనే తగులుతుంది కాబట్టి ప్రతి రెండు మూడు నిమిషాలకు అంచు మంట మీదికి వచ్చేలా జరపాలి. కిటికీలు తెరిచి ఉంచండి.

జిగురుగా వచ్చిందంటే నూనె ఎక్కువైంది లేదా వేడి చాల్లేదు. చాలామంది అవిసె నూనె చెబుతారు, అది గాజులా గట్టిపడి తర్వాత పెచ్చులుగా లేస్తుంది, అట్ల పెనానికి నేను వద్దంటాను. కొబ్బరి నూనె కూడా పొర కట్టదు. మొదటి పది అట్లకు నూనె కొంచెం ఎక్కువే వేసి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్దండి. కొత్త పొర మీద నెల రోజులు పులుసులు, చింతపండు పెట్టకండి.

---

గంటస్తంభం

నీళ్ల సంగతి మిగిలిపోయింది. పారబొయ్యాలనే తొందర వద్దు. నల్లబడినా మూత గట్టిగా ఉంటే అవే నీళ్లు నెలల తరబడి పనిచేస్తాయి. మీ మూకుడు కూడా వాటిలోనే వెయ్యండి. అది బకెట్లో పూర్తిగా మునగకపోతే సగం సగం ముంచండి. నీటి మట్టం దగ్గర గీత పడుతుంది, భయపడకండి, తిప్పి వేస్తే కలిసిపోతుంది. పెచ్చు మెత్తబడడం బాగా నెమ్మదించినప్పుడే బలం అయిపోయినట్టు. అందులోకే ఇంకో గుప్పెడు వేసి బలం పెంచాలని చూడకండి. ఎంత మిగిలిందో తెలియని నీళ్లలో లెక్క తప్పుతుంది, కొత్తగా కలపడమే నయం.

పారబోసే రోజున నూతికి దగ్గరగా, చెరువులోకి, కాలవలోకి, చెట్ల మొదట్లో పొయ్యొద్దు. చేపలకు, కప్పలకు అది విషమే. సెప్టిక్ ట్యాంకులోకి 16 లీటర్లూ ఒకేసారి పోస్తే లోపలి బ్యాక్టీరియా చచ్చి ట్యాంకు కంపు కొడుతుంది. ముందు పులుపు కలిపి కాస్టిక్ బలం విరగ్గొట్టండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, దీనికి బాగుంటుంది. 400 గ్రాముల కాస్టిక్‌కు 650 నుంచి 700 గ్రాములు పడుతుంది. వెనిగర్‌తో చెయ్యాలంటే పన్నెండు లీటర్లు కావాలి, దండగ. నిమ్మ ఉప్పును విడిగా నాలుగు లీటర్ల నీళ్లలో కరిగించి, అదే గ్లౌజులు గాగుల్స్ వేసుకుని, సగం ఖాళీ మిగిలేంత పెద్ద టబ్బులో కాస్టిక్ నీళ్లు పోసి, దానిలోకి ఒక్కో మగ్గు చొప్పున వంచుతూ తిప్పండి. నీళ్లు వెచ్చబడతాయి. చివర్లో బుసబుసా నురగ లేస్తుంది, గాలి తగిలి కాస్టిక్‌లో కొంత బట్టల సోడాగా మారి ఉంటుంది కాబట్టి. నురగ పొంగితే ఆగండి, తగ్గాక మళ్లీ. పూర్తయ్యే దగ్గర పీహెచ్ కాగితంతో (పులుపు, క్షారం ఎంతుందో రంగుతో చూపే కాగితం) చూడండి, 7 నుంచి 9 మధ్య వస్తే ఆపొచ్చు.

రాత్రంతా కదపకుండా ఉంచితే నల్ల మడ్డి అడుగుకు దిగుతుంది. పై నీళ్లు కొద్దికొద్దిగా, రెండు మూడు రోజుల మీద, బాగా నీళ్లు వదులుతూ బాత్రూం కాలవలోకి పొయ్యండి. అడుగు మడ్డిని పాత పేపర్లలోకి తీసి ఆరబెట్టి చెత్త బండికి ఇవ్వండి.

---

పొందూరు వంటిల్లు

ఇంకొక్క ప్రశ్న. తెచ్చిన కిలోలో 400 గ్రాములు వాడితే 600 మిగిలింది. డబ్బాలో ఇప్పటికే కొంచెం గడ్డ కట్టింది. పారేయాలా, పనికొస్తుందా?

---

వంశధార 7

పనికొస్తుంది. గడ్డను సుత్తితో కొట్టొద్దు, ముక్క ఎగిరి కంటికి తగులుతుంది. ఆ గడ్డ తేమను, గాలిని పట్టుకుని ఉంటుంది కాబట్టి బరువులో కొంత కాస్టిక్ కానిది ఉంటుంది. మళ్లీ కలిపేటప్పుడు లీటరుకు 25 బదులు 30 గ్రాములు తీసుకోండి, సరిపోతుంది. గడ్డను పెద్ద ముక్కగానే నీళ్లలోకి వెయ్యకండి, అడుగున పడి అక్కడే వేడెక్కుతుంది. ప్లాస్టిక్ జల్లెడ బుట్టలో పెట్టి నీటి పైభాగంలో తగిలేలా వేలాడదీయండి, కరిగింది కరిగినట్టు కిందికి జారి దానంతటదే కలుస్తుంది. అరగంట పడుతుంది, అప్పటిదాకా అక్కడే ఉండండి.

---

పొందూరు వంటిల్లు

అలాగే చేస్తాను. పెనం మళ్లీ నీళ్లలో దింపాను, పిడి కిందికి. బకెట్టు మూత మీద ఇటుక పెట్టి, చుట్టూ పాత తలుపు రెక్క అడ్డం కట్టాను, పిల్లలు ఆ పక్కకు పోకుండా.

---

అరసవల్లి మెడికల్

ఇటుక మూత మీద వద్దండీ. పాత బకెట్టు మూత కుంగితే ఇటుక నీళ్లలో పడుతుంది, ఆ చిమ్ముడే ప్రమాదం. మూత అంచు మీదుగా వెడల్పు టేపు చుట్టి, తలుపు రెక్క అలాగే ఉంచండి.

---

పొందూరు వంటిల్లు

తీసేశాను. టేపు వేశాను.